పరిశోధనకు అనుమతి – ప్రజలకు సమాచారం: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల పరిశీలన

వ్యాససంగ్రహం:

మనుషులపైనా, మనుషులను గురించీ జరిగే ఆరోగ్య, సాంఘిక పరిశోధనలకు ముందుగా నైతిక అనుమతి పొందాలన్నది నేడు ప్రపంచమంతటా అంగీకరించిన నియమం. అయితే ఆ అనుమతి పరిశోధకుడికీ, అతని సంస్థకూ మధ్య సాగే పత్రవ్యవహారంగానే మిగిలిపోతే, పరిశోధనకు తమ రక్తాన్నో, మాటనో, కాలాన్నో ఇచ్చిన ప్రజలకు దానివల్ల ఒనగూడే రక్షణ అసంపూర్ణమే. 2020 డిసెంబరులో ఏలూరులో ప్రబలిన అస్వస్థత, 2009–10లో అప్పటి ఖమ్మం జిల్లాలో జరిగిన టీకా కార్యక్రమం, కొల్లేరు పరిసరాల్లోని జీవన సమస్యలు – వీటిని ఆధారంగా చేసుకొని పరిశోధనానుమతి స్వరూపాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆఫ్రికా ఖండంలోని మలావీ దేశపు పద్ధతితో పోల్చి, అనుమతి పొందిన పరిశోధనల జాబితా ప్రజల భాషలో, ప్రాంతాలవారీగా అందుబాటులో ఉండవలసిన ఆవశ్యకతను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరిశోధనానీతి, ఎథిక్స్ కమిటీ, తెలిసి ఇచ్చే సమ్మతి, ఏలూరు, కొల్లేరు, మలావీ, ప్రజారోగ్యం, ఫలితాల నివేదన.

1. ఉపోద్ఘాతం:

2020 డిసెంబరు తొలివారంలో ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలిపోసాగారు. మూర్ఛ, కళ్ళు తిరగడం, నోట నురుగు, తలనొప్పి, వాంతులు ప్రధాన లక్షణాలు. పిల్లలు, పెద్దలు అన్న తేడా లేదు. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాటింది. ఒకరు మరణించారు. మిగిలినవారిలో చాలామంది కొన్ని గంటల్లోనో, ఒక రోజులోనో తేరుకొని ఇళ్ళకు వెళ్ళారు. పరిస్థితి తీవ్రంగా ఉన్న కొందరిని విజయవాడ, గుంటూరు ఆసుపత్రులకు పంపారు.

ఆ రోజుల్లో దేశంలోని ప్రముఖ పరిశోధన సంస్థలు అనేకం ఏలూరు మీద దృష్టి సారించాయి. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్), జాతీయ పోషకాహార సంస్థ, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి), హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి., జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం ఈ విచారణలో పాల్గొన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూడా వచ్చారు. రోగుల రక్తం, మూత్రం, వెన్నుద్రవం తీసుకున్నారు. ఇళ్ళలోని తాగునీరు, పాలు, బియ్యం, కూరగాయలు సేకరించారు. ఇంటింటికీ వెళ్ళి ఏమి తిన్నారో, ఎక్కడి నీళ్ళు తాగారో అడిగారు.

ఒక ఊరు తన దేహాన్నీ, వంటింటినీ శాస్త్రం ముందు తెరిచి పెట్టిన సందర్భమది. అలా తెరిచి పెట్టిన ప్రజలకు ఆ పరిశోధన ఏమిటో, దానిని ఎవరు అనుమతించారో, చివరికి ఏమి తేలిందో తెలుసుకొనే మార్గం ఉండాలి. ఆ మార్గం ఏ రూపంలో ఉండాలన్నదే ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

2. పరిశోధనానుమతి – భారతీయ వ్యవస్థ:

పరిశోధనకు అనుమతి అనగానే ప్రభుత్వ కార్యాలయం ఇచ్చే లైసెన్సు వంటిది గుర్తుకు రావచ్చు. నైతిక అనుమతి స్వభావం అది కాదు. ఒక పరిశోధన ప్రతిపాదనను దానితో ప్రయోజన సంబంధం లేని కొందరు ముందుగా చదివి, 'ఇందులో పాల్గొనే మనిషికి కలిగే కష్టం ఎంత? ప్రయోజనం ఎంత? ఆ మనిషి అన్నీ తెలిసే ఒప్పుకుంటున్నాడా? వద్దనే స్వేచ్ఛ అతనికి ఉందా?' అని ప్రశ్నించడమే దాని సారం. ఇలా ప్రశ్నించే బృందాన్నే ఎథిక్స్ కమిటీ అంటున్నాం.

భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) 1980లో ఈ విషయమై తొలి విధాన ప్రకటన వెలువరించింది. 2000, 2006 సంవత్సరాల్లో మార్గదర్శకాలు వచ్చాయి. ప్రస్తుతం అమల్లో ఉన్నవి 2017 నాటి జాతీయ నైతిక మార్గదర్శకాలు. 2019 మార్చిలో వచ్చిన నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి వీటికి చట్టబలాన్ని చేకూర్చింది. ఔషధ ప్రయోగాలను పరిశీలించే కమిటీలతోపాటు జీవవైద్య, ఆరోగ్య పరిశోధనలను పరిశీలించే కమిటీలు కూడా నమోదు కావాలని ఆ నియమావళి నిర్దేశించింది.

కమిటీ కూర్పులోనే దాని ఉద్దేశం కనిపిస్తుంది. కనీసం 7గురు సభ్యులుండాలి. వారిలో సగం మంది ఆ సంస్థకు చెందనివారై ఉండాలి. వైద్యులతోపాటు న్యాయశాస్త్రం తెలిసినవారు, సాంఘికశాస్త్రవేత్త లేదా స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి వంటివారు, సామాన్య పౌరుడు ఒకరు ఉండాలి. సభ్యుల్లో కనీసం ఒకరు మహిళ కావాలి. సామాన్య పౌరుడి స్థానం అలంకారప్రాయం కాదు. సమ్మతి పత్రం చదివి 'ఇది నాకు అర్థం కాలేదు' అని చెప్పగలగడమే ఆ సభ్యుని అర్హత.

అనుమతి తరువాతి మెట్టు బహిరంగ నమోదు. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – ఇండియా 2007 జూలైలో ప్రారంభమైంది. ఔషధ ప్రయోగాలను అందులో నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది. ప్రయోగం ఏమిటి, ఎక్కడ జరుగుతుంది, ధనసహాయం ఎవరిది, ఎథిక్స్ కమిటీ అనుమతి లభించిందా అన్న వివరాలు అందులో ఎవరైనా చూడవచ్చు. కానీ అది ఆంగ్లంలో ఉంది. అందులోని భాష పరిశోధకుల భాష. ఔషధ ప్రయోగం కాని సర్వేలు, ఇంటర్వ్యూలు, జీవనోపాధి అధ్యయనాలు దాని తప్పనిసరి పరిధిలోకి రావు. అందువల్ల ఏలూరులోనో, కైకలూరులోనో ఉన్న పౌరుడు 'మా ఊళ్ళో ఏ పరిశోధనలు జరుగుతున్నాయి?' అని అడిగితే, పూర్తి జవాబు ఒక్కచోట దొరకదు.

3. మలావీ దేశపు పద్ధతి:

ఇక్కడ ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావీ దేశాన్ని పరిశీలించడం ఉపయుక్తం. మలావీ చిన్న దేశం, పేద దేశం. మలేరియా, హెచ్.ఐ.వి., క్షయ, పోషకాహార లోపం వంటి సమస్యల కారణంగా విదేశీ విశ్వవిద్యాలయాలు, దాతృసంస్థలు అక్కడ చాలాకాలంగా పరిశోధనలు చేస్తున్నాయి. పరిశోధకులు బయటివారు, పాల్గొనేవారు గ్రామీణులు అయినప్పుడు, ఆ దేశపు మాట చెల్లుబాటు కావాలంటే ఒక జాతీయ వ్యవస్థ అవసరమైంది. 2003 నాటి చట్టం ఆధారంగా ఏర్పడిన జాతీయ శాస్త్ర సాంకేతిక కమిషన్ ఆ అవసరాన్ని తీరుస్తున్నది.

ఆ వ్యవస్థలో రెండు జాతీయ కమిటీలున్నాయి. ఒకటి ఆరోగ్యశాస్త్ర పరిశోధనలను పరిశీలిస్తుంది. రెండవది సాంఘిక, మానవీయ శాస్త్రాల పరిశోధనలను పరిశీలిస్తుంది. బ్లాంటైర్‌లోని వైద్య కళాశాలకు ప్రత్యేకంగా మరొక కమిటీ ఉంది. ఆమోదం పొందిన ఆరోగ్య, సాంఘిక పరిశోధనల జాబితాలను ప్రకటించే పద్ధతి అక్కడ ఉంది.

ఇందులో మనం గమనించవలసినవి రెండు. మొదటిది, సాంఘికశాస్త్ర పరిశోధనకు కూడా ఆరోగ్య పరిశోధనతో సమానంగా జాతీయస్థాయి నైతిక పరిశీలన ఉండటం. మనదేశంలో ఐ.సి.ఎం.ఆర్. మార్గదర్శకాలు ఆరోగ్యానికి సంబంధించిన సాంఘిక పరిశోధనను మాత్రమే పట్టించుకొంటాయి. ముంబైలోని సేహత్ సంస్థ చొరవతో 2000లో వెలువడిన మార్గదర్శకాలు కూడా ఆరోగ్యరంగపు సాంఘిక పరిశోధనకు సంబంధించినవే. భూమి, కులం, వలస, జీవనోపాధి వంటి అంశాలపై జరిగే అధ్యయనాలకు చట్టపరంగా తప్పనిసరి నైతిక పరిశీలన లేదు. అది ఆయా విశ్వవిద్యాలయాల విచక్షణకు విడిచిపెట్టిన విషయం. రెండవది, జాబితాను ప్రకటించడం. జాబితా ఉన్నప్పుడే 'మీ పరిశోధన ఇందులో లేదే!' అని అడిగే అవకాశం కలుగుతుంది.

మలావీతో మన ప్రాంతానికి భౌగోళికమైన పోలిక కూడా ఒకటుంది. ఆ దేశపు దక్షిణభాగంలోని చిల్వా సరస్సు కొల్లేరులాగే లోతు తక్కువది, రామ్‌సర్ జాబితాలో చేరినది. చేపలవేట, వరిసాగు అక్కడి జీవనాధారాలు. వర్షాభావ కాలాల్లో ఎండిపోతుంది. 1995లో పూర్తిగా ఎండింది. ఇటువంటి చోట ఆరోగ్య ప్రశ్ననూ, బతుకుతెరువు ప్రశ్ననూ విడదీయడం కష్టం. మలేరియా నివారణకు ఇచ్చిన దోమతెరలను చేపల వలలుగా వాడటం ఆఫ్రికా సరస్సుల తీరాల్లో పలుచోట్ల నమోదైంది. వైద్యుడు దీనిని నిర్లక్ష్యం అనుకోవచ్చు. ఆ ఇంటి ఆకలిని అడిగి తెలుసుకొన్న సాంఘికశాస్త్రవేత్త వేరే కారణం చెప్పగలడు. దోమతెర పంచినవారికి ఆ రెండవ సమాధానం కూడా అవసరమే.

4. పేరు మారితే నియమం మారుతుందా? – రెండు అనుభవాలు:

అనుమతి వ్యవస్థ కాగితం మీద ఉన్నంత మాత్రాన రక్షణ కలగదని చెప్పే ఉదాహరణలు ఆఫ్రికాలోనూ, మన తెలుగునేల మీదా ఉన్నాయి.

1996లో నైజీరియాలోని కానో నగరంలో మెదడు పొరల వాపు జ్వరం (మెనింజైటిస్) తీవ్రంగా ప్రబలింది. ఆ సమయంలో ఫైజర్ సంస్థ అక్కడి ఆసుపత్రిలో 200 మంది పిల్లలతో కొత్త యాంటీబయాటిక్ ప్రయోగం నిర్వహించింది. సగం మందికి కొత్త మందు, సగం మందికి అప్పటికే వాడుకలో ఉన్న మందు ఇచ్చారు. 11 మంది పిల్లలు మరణించారు. మరణాలకు వ్యాధే కారణమని సంస్థ వాదించింది. తల్లిదండ్రులకు అది ప్రయోగమని తెలుసా అన్న ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్ళింది. ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్నదని చూపిన పత్రం కూడా వివాదాస్పదమైంది. ప్రయోగం నాటికి ఆ ఆసుపత్రిలో అటువంటి కమిటీయే లేదన్న విషయం బయటికి వచ్చింది. 2009లో కానో రాష్ట్రంతో ఆ సంస్థ రాజీ ఒప్పందం చేసుకొంది. ప్రయోగానికి ముందే అనుమతుల జాబితా బహిరంగంగా ఉండి ఉంటే, ఆ పత్రం సంగతి తేల్చుకోవడానికి ఏళ్ళు పట్టేది కాదు.

రెండవ అనుభవం మనకు దగ్గరది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకా కార్యక్రమం మొదలైంది. 'పాత్' అనే అంతర్జాతీయ సంస్థ ఐ.సి.ఎం.ఆర్. సహకారంతో, రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగం ద్వారా దీనిని నిర్వహించింది. 10–14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మంది ఇందులో ఉన్నారు. గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలల విద్యార్థినులు వారిలో చాలామంది. కొందరు బాలికల మరణవార్తలు వెలువడడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపివేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణలో తేలలేదు.

కానీ సమ్మతి విషయంలో వెల్లడైన లోపాలు తీవ్రమైనవి. తల్లిదండ్రులు సంతకం చేయవలసిన చోట అనేక సందర్భాల్లో వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. దానిని క్లినికల్ ట్రయల్ అనకుండా ప్రదర్శనాత్మక కార్యక్రమంగా, పరిశీలనాత్మక అధ్యయనంగా పేర్కొనడం వల్ల ప్రయోగాలకు వర్తించే కట్టుదిట్టాలు సడలాయి. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీసంఘం తన 72వ నివేదికలో ఈ విషయాలను ఘాటుగా విమర్శించింది.

ఈ టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ చర్చనీయాంశం కాదు. అనేక దేశాల్లో అది నేడు ప్రజారోగ్య కార్యక్రమంలో భాగం. కానీ మంచి టీకా విషయంలో కూడా 'ఇది ఏమిటో నాకు చెప్పారా?' అని అడిగే హక్కు ఆ బాలిక తల్లికి ఉంటుంది. పేరును 'కార్యక్రమం' అని మార్చినంత మాత్రాన ఆ హక్కు తరిగిపోదు. తెలియకుండా జరిగిన మేలు కూడా అనుమానాన్నే మిగులుస్తుంది. ఆ అనుమానం తరువాత వచ్చే టీకాలకూ అడ్డుపడుతుంది.

5. ఏలూరు – విచారణా? పరిశోధనా?

ఖమ్మం అనుభవం వెలుగులో ఏలూరు సంఘటనను చూసినప్పుడు ఒక ముఖ్యమైన భేదం గుర్తించాలి. జనం కుప్పకూలుతున్నప్పుడు కారణం వెదకడం ప్రభుత్వపు బాధ్యత. రోగికి చికిత్స చేయడానికి తీసే రక్తానికి, వ్యాధి మూలాన్ని కనిపెట్టడానికి జరిపే తక్షణ విచారణకు నెలల తరబడి సాగే అనుమతి ప్రక్రియ వర్తించదు, వర్తించకూడదు. అటువంటి వేళ ఆలస్యమే అపరాధం. అత్యవసర పరిస్థితుల్లో జరిగే పరిశోధనను కూడా త్వరితగతిన పరిశీలించే వెసులుబాటును 2017 మార్గదర్శకాలు కల్పించాయి.

అయితే విచారణ ఎక్కడ ముగిసి పరిశోధన ఎక్కడ మొదలవుతుంది? ఏలూరులో ఆ గీత ఎలా సాగిందో చూద్దాం. మొదట తాగునీటి మీద అనుమానం కలిగింది. స్కానింగులోనూ, వెన్నుద్రవ పరీక్షల్లోనూ చెప్పుకోదగిన లోపం కనబడలేదు. ఒకరినుంచి ఒకరికి సోకుతున్న జాడ లేదు. తరువాత ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు తేలింది. ఆపైన పోషకాహార సంస్థ పరీక్షల్లో పురుగుమందుల అవశేషాలు వెలుగుచూశాయి. సి.సి.ఎం.బి. పరీక్షల్లో వైరస్, బాక్టీరియాల ఆధారం దొరకలేదు. డిసెంబరు మధ్యనాటికి నివేదికలన్నిటినీ సమీక్షించిన ప్రభుత్వం పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని ప్రకటించింది. అవి మనుషుల శరీరంలోకి ఏ మార్గాన చేరాయన్నది దీర్ఘకాలిక అధ్యయనానికి అప్పగించవలసిన విషయంగా నిర్ణయించి, ఆ బాధ్యతను ఎయిమ్స్, ఐ.ఐ.సి.టి.లకు ఇవ్వాలని సంకల్పించింది.

శాస్త్రవేత్తకు ఈ క్రమం సహజమైనది. ఒక్కొక్క సంస్థ తన పరికరంతో చూడగలిగినదాన్ని చూసింది. ఒక్కొక్క ఫలితం ముందరి ఊహను సవరించింది. వీధిలోని మనిషికి మాత్రం ఇది వేరుగా వినిపిస్తుంది. సోమవారం నీళ్ళన్నారు, మంగళవారం సీసమన్నారు, తరువాత పురుగుమందన్నారు. మాట మారుతున్నదని అతడు అనుకుంటే తప్పు అతనిది కాదు. మారినది మాట కాదని, ఆధారం పెరుగుతున్నదని వివరించే బాధ్యత పరిశోధనది.

పైగా, కారణం వెదికే తక్షణ విచారణ ముగిసి, 'ఏ మార్గాన చేరింది?' అన్న దీర్ఘకాలిక ప్రశ్న మొదలైన క్షణమే అది నిస్సందేహంగా పరిశోధన అవుతుంది. అప్పటినుంచి అనుమతి, సమ్మతి, నమోదు, ఫలితాల నివేదన – ఇవన్నీ వర్తిస్తాయి. హెల్సింకి ప్రకటనకు 2013లో జరిగిన సవరణ, పరిశోధనలో పాల్గొన్నవారికి దాని సామాన్య ఫలితాలను తెలుసుకొనే అవకాశం ఇవ్వాలని చెప్పింది. 'ఆనాడు నా బిడ్డకు ఏమైంది?' అని అడిగే తల్లికి శాస్త్రం ఇవ్వవలసిన సమాధానం సగమే అయినా, దానిని సగమని చెప్పి ఇవ్వాలి.

6. కూరగాయ, రైతు, రోగి – పరిశీలన పరిధుల సమస్య:

పురుగుమందుల ప్రశ్న ఏలూరు ఆసుపత్రితో ఆగదు. పొలానికీ, సంతకూ, చెరువుకూ వెళుతుంది. ఆ దారిలో పరిశోధనానుమతి పరిధి ఎలా మారుతుందో గమనించడం ఆసక్తికరం.

తాడేపల్లిగూడెం పెద్ద హోల్‌సేల్ వ్యాపార కేంద్రం. ఉల్లిపాయల మార్కెట్టుకు ప్రసిద్ధి. దాని సమీపంలోని వెంకటరామన్నగూడెంలో డా. వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. పట్టణంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (ఎన్.ఐ.టి.) పనిచేస్తున్నది. ఏలూరులో ఒక ప్రైవేటు వైద్య కళాశాల, 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. అంటే ఈ ప్రాంతపు ప్రశ్నలకు ఈ ప్రాంతంలోనే సమాధానం వెదకగల సంస్థలు నేడు ఉన్నాయి.

ఇప్పుడు నాలుగు అధ్యయనాలను ఊహించుకుందాం. మొదటిది: సంతలో కొన్న వంకాయల్లో పురుగుమందు అవశేషాన్ని కొలవడం. ఇందులో మనిషి లేడు కనుక ఎథిక్స్ కమిటీ అవసరం లేదు. రెండవది: ఆ వంకాయ పండించిన రైతును ఏ మందు, ఎన్నిసార్లు, కోతకు ఎన్ని రోజుల ముందు కొట్టాడో అడగడం. ఇందులో సూది లేదు, రక్తం లేదు. కానీ ఆ సమాచారం బయటికి పొక్కితే రైతు సరుకు అమ్ముడుపోకపోవచ్చు, అతనిపై చర్య రావచ్చు. కనుక ఇది మనుషులతో చేసే పరిశోధనే. మూడవది: మందు కొట్టే కూలీల రక్తపరీక్ష. దీనికి ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పదు. నాలుగవది: ఆ కూలీలు చేతి తొడుగులు ఎందుకు వాడటం లేదో తెలుసుకోవడం. ఇది ఆరోగ్యమా, సాంఘికశాస్త్రమా? రెండూ.

మొదటిది ఉద్యాన విశ్వవిద్యాలయంలోనూ, మూడవది వైద్య కళాశాలలోనూ జరగవచ్చు. రెండవ, నాలుగవ అధ్యయనాలే ఏ గూటికీ చెందకుండా జారిపోయే ప్రమాదం ఉంది. ఏలూరులో తేలవలసిన 'ఏ మార్గాన చేరింది?' అన్న ప్రశ్నకు జవాబు ఎక్కువగా దొరికేది మాత్రం ఆ రెండింటిలోనే. మలావీలోలాగా సాంఘిక పరిశోధనకు కూడా ఒక నిర్దిష్టమైన పరిశీలనా వేదిక ఉండటం వల్ల కలిగే ప్రయోజనం ఇక్కడ స్పష్టమవుతుంది. అక్కడ రైతు పేరును కాపాడే నియమం ఉంటుంది. ఆ నమ్మకం ఉంటేనే రైతు నిజం చెబుతాడు.

7. కొల్లేరు లంకలు – సమ్మతి ఎవరిది?

కొల్లేరు గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు, అనేక కాలువలు, డ్రెయిన్లు దీనిలోకి వస్తాయి. మిగులునీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. పై ప్రాంతపు పొలాల్లో చల్లినదీ, పట్టణాలు వదిలినదీ చివరికి చేరే చోటు ఇదే. 1999లో +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను కూల్చివేశారు. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల, షెడ్యూల్డు కులాల సహకార సంఘాలకు చెరువులు కల్పించిన చరిత్ర కూడా ఇక్కడిదే. కాంటూరును +3కు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. తరువాత కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఆ తగ్గింపును సమర్థించలేదు.

ఇటువంటి నేపథ్యంలో లంక గ్రామానికి వచ్చి 'మీకు ఎంత చెరువు ఉంది? ఏ నీళ్ళు తాగుతున్నారు? ఏ చేపలు తింటున్నారు?' అని అడిగే పరిశోధకుడిని గ్రామస్థులు ఎలా చూస్తారు? అతడు వైద్యుడో, అటవీశాఖ మనిషో, సర్వేయరో వారికి తెలియదు. ఇచ్చిన జవాబు రేపు చెరువు గట్టును కొట్టడానికి ఆధారమవుతుందన్న భయం కలగడం సహజం. అందుచేత కొల్లేటి ప్రాంతంలో మామూలు ఆహార సర్వే కూడా తక్కువ ప్రమాదపు పరిశోధన అని అనుకోవడానికి వీలులేదు. ప్రమాదం సూదిలో లేదు, సమాధానంలో ఉంది.

సమ్మతి విషయంలో మరొక చిక్కు ఉంది. లంక గ్రామాల్లో పెద్దల మాటకు, ఊరి కట్టుబాటుకు విలువ ఎక్కువ. ఊరిపెద్దలు సరే అంటే పరిశోధకుడికి పని సులువవుతుంది. 2017 మార్గదర్శకాలు సమాజపు పెద్దల అనుమతిని గౌరవించమంటూనే, అది వ్యక్తిగత సమ్మతికి బదులు కాజాలదని స్పష్టంచేశాయి. పెద్దలు తలుపు తీయగలరు, కానీ ఇంట్లోని స్త్రీ తరఫున 'ఔను' అనలేరు. చదవడం రానివారికి సమ్మతి పత్రాన్ని చదివి వినిపించేటప్పుడు నిష్పాక్షికుడైన సాక్షి ఉండాలి. 18 ఏళ్ళలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితోపాటు, 7 ఏళ్ళు దాటిన పిల్లల అంగీకారం కూడా అడగాలి. 12 ఏళ్ళు దాటినవారి అంగీకారం రాతపూర్వకంగా ఉండాలి. ఖమ్మంలో వార్డెన్ సంతకం ఎందుకు చెల్లదో ఈ నియమాలే చెబుతున్నాయి.

8. ప్రజల జాబితా – స్వరూపం:

పై పరిశీలన ఆధారంగా జిల్లాస్థాయిలో అనుమతి పొందిన పరిశోధనల జాబితా ఎలా ఉండాలో సూచించవచ్చు. దీనికి కొత్త చట్టం అవసరం లేదు. నమోదైన ఎథిక్స్ కమిటీల వద్ద సమాచారం ఇప్పటికే ఉంటుంది. దానిని ఒకచోట చేర్చి తెలుగులో ప్రకటించడమే కావలసింది.

ప్రతి పరిశోధనకూ ఈ కింది అంశాలు ఉండాలి:

1. సామాన్యుడికి అర్థమయ్యే తెలుగులో పరిశోధన పేరు, అది అడిగే ప్రశ్న.
2. నిర్వహించే సంస్థ, ధనసహాయం చేసే సంస్థ.
3. జరిగే మండలాలు, గ్రామాలు, కాలవ్యవధి.
4. పాల్గొనేవారినుంచి తీసుకొనేది – రక్తమా, మూత్రమా, నీటి నమూనానా, మాటా?
5. అనుమతించిన కమిటీ పేరు, అనుమతి తేదీ, ఫిర్యాదు చేయవలసిన చోటు.
6. ముగిసిన తరువాత తెలుగులో ఒక పుట ఫలిత నివేదిక. ఫలితం తేలకపోతే తేలలేదన్న నివేదిక.

ఈ జాబితా వల్ల పాల్గొనేవారి వ్యక్తిగత వివరాలు ఎంతమాత్రం బయటపడకూడదు. జాబితా పరిశోధనది, పాల్గొన్నవారిది కాదు. చిన్న లంక గ్రామం విషయంలో ఊరి పేరు చెప్పినా మనుషులను గుర్తుపట్టే ప్రమాదముంటే, మండలం పేరుతో సరిపెట్టాలి.

ఆరవ అంశమే అన్నిటిలోకి ముఖ్యమైనది, అమలుకు కష్టమైనది. పరిశోధకుడికి ఫలితం అంటే అంతర్జాతీయ పత్రికలో వ్యాసం. పాల్గొన్నవారికి ఫలితం అంటే సచివాలయంలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ఎవరైనా చదివి చెప్పగలిగే నాలుగు మాటలు. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు నమూనాల సేకరణకు వెంట నడిచినవారే కనుక ఫలితాలు తిరిగి తెచ్చే పనిలోనూ వారికి స్థానం ఉండాలి. ఊరివారు చివరికి నిలదీసేది వారినే.

9. ముగింపు:

- నైతిక అనుమతి పరిశోధనకు అడ్డంకి కాదు. పరిశోధకుడికీ, పాల్గొనే మనిషికీ మధ్య నమ్మకాన్ని నిలిపే వ్యవస్థ.
- ఒక అధ్యయనాన్ని 'కార్యక్రమం' అనో, 'విచారణ' అనో పిలిచినంత మాత్రాన ప్రజలకు చెప్పవలసిన బాధ్యత తొలగిపోదని ఖమ్మం అనుభవం తెలుపుతున్నది.
- అత్యవసర వేళ అనుమతి ప్రక్రియ కుదించుకోవచ్చు. ఫలితాలను నివేదించే బాధ్యత కుదించుకోరాదు. ఏలూరు సంఘటన ఇందుకు ఉదాహరణ.
- పురుగుమందులు, నీరు, చేపలు, జీవనోపాధి ఒకదానితో ఒకటి ముడిపడిన కొల్లేరు ప్రాంతంలో ఆరోగ్య, సాంఘిక పరిశోధనల పరిశీలన రెండూ సమానంగా ఉండటం అవసరం. మలావీ పద్ధతి ఇందుకు ఒక నమూనా.
- అనుమతి పొందిన పరిశోధనల జాబితా తెలుగులో, జిల్లాలవారీగా, ఫలితాలతో సహా ప్రకటించడం ఆచరణ సాధ్యమైన తొలిమెట్టు.

2020 డిసెంబరులో ఏలూరు ప్రజలు తమ ఇంటి బిందెలోని నీళ్ళను, కూరగాయల బుట్టను అపరిచితుల చేతికి ఇచ్చారు. ఏ ప్రతిఫలమూ అడగలేదు. ఏమి తేలిందో చెప్పమనడం ఒక్కటే వారికి మిగిలే ప్రతిఫలం. ఆ ఒక్కటీ చెల్లించగలిగిన నాడే మరుసటిసారి శాస్త్రవేత్త తలుపు తట్టినప్పుడు ఆ తలుపు తెరుచుకుంటుంది.